455 కిలోమీటర్లు, గంటా పదిహేను నిమిషాలు: బెంగళూరు–హైదరాబాద్ విమానం లెక్క

మీ ప్రశ్న మొత్తం చదివాను. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నారు. హైదరాబాద్ మియాపూర్‌లో మేనత్త కూతురి పెళ్లి, మార్గశిర మాసంలో, ముహూర్తం ఉదయం 10.42కి. దూరం ఒక సైట్‌లో 455 అని, ఇంకో సైట్‌లో 283 అని ఉంది. విమానాన్ని ఫోన్‌లో చూపించే యాప్‌లో 500 దాటింది. టికెట్ మీద గంటా పదిహేను నిమిషాలు, పోయినసారి పైలట్ చెప్పింది యాభై నిమిషాలు. ఉదయం 7.05 విమానం 8.20కి దిగుతుంది కదా, ముహూర్తానికి అందుకుంటామా అన్నది మీ అసలు ప్రశ్న. అమ్మగారికి ఇదే మొదటి విమాన ప్రయాణమని, మీ సొంతూరు తాడిపత్రి అని, మీ అన్నయ్య శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి పెళ్లికి వస్తున్నారని కూడా రాశారు.

ముందే చెప్పేస్తాను. ఆ 7.05 విమానాన్ని నమ్ముకోవద్దు. ముందు రోజే వెళ్లిపోండి. ఎందుకో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఈ లెక్క ఒకసారి అర్థమైతే ఇకమీదట ఏ ప్రయాణానికైనా పనికొస్తుంది.

మాది ధర్మవరం. బెంగళూరు వచ్చి ఇరవై నాలుగేళ్లు దాటింది. అందులో ఎక్కువ కాలం ఫ్లైట్ డిస్పాచర్‌గా పనిచేశాను. విమానం ఏ దారిన వెళ్లాలి, ఎంత ఎత్తున ఎగరాలి, ఎంత ఇంధనం నింపాలి, దిగే చోట వాతావరణం బాగా లేకపోతే ఎక్కడికి మళ్లాలి, ఇవన్నీ లెక్కకట్టి ప్లాన్ తయారుచేసి పైలట్‌కు ఇచ్చే ఉద్యోగం అది. బెంగళూరు–హైదరాబాద్ ప్లాన్ నా చేతుల మీదుగా వేల సార్లు పోయి ఉంటుంది.

దూరం సంగతి మొదట. మీరు చూసిన 455, 283 రెండూ ఒకటే. 455 కిలోమీటర్లంటే 283 మైళ్లు. మా ప్లాన్‌లో అదే 246 అని ఉంటుంది, ఎందుకంటే విమానయానంలో నాటికల్ మైళ్లు వాడతారు, ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. చాలా సైట్లలో అంకె పెద్దగా వేసి, పక్కన యూనిట్ చిన్నగా వేస్తారు. ముందు ఆ యూనిట్ చూడండి, సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

ఆ 455 ఎలా వస్తుందంటే, బెంగళూరు వైపు దేవనహళ్లి విమానాశ్రయం అక్షాంశ రేఖాంశాలు, హైదరాబాద్ వైపు శంషాబాద్ విమానాశ్రయం అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, భూమి గుండ్రటి ఉపరితలం మీద ఆ రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారిని లెక్కిస్తారు. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే దారం ఎటు పోతుందో అదే ఆ దారి. మన దారం ఎటు పోతుందో మ్యాప్ మీద గీసి చూడండి. పుట్టపర్తికి కొంచెం తూర్పున పోతుంది. దాదాపు తాడిపత్రి మీదుగా పోతుంది. బెలుం గుహల పక్కనుంచి, కర్నూలును ఎడమ చేతి వైపు వదిలి, తుంగభద్ర కృష్ణలో కలిసే ప్రాంతం దాటి, పాలమూరు నేల మీదుగా శంషాబాద్ చేరుతుంది. అంటే మీ అమ్మగారు తన సొంతూరి నెత్తిన ఎగురుతూ పోతారన్నమాట.

ఇక్కడ ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ఈ దారం పోయేది 78 డిగ్రీల రేఖాంశానికి అటూ ఇటూగా. మన దేశపు నేలను కచ్చితంగా కొలిచిన మహా సర్వే కూడా ఇంచుమించు ఇదే గీత వెంట నడిచింది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఇనుప గొలుసుతో మొదటి ఆధార రేఖ కొలవడంతో ఆ పని మొదలైంది. ఇప్పటి చెన్నై విమానాశ్రయం ఆ కొండ పక్కనే ఉంది. తర్వాత కన్యాకుమారి నుంచి ఉత్తరానికి 78వ రేఖాంశం పక్కగా, పావగడ, గుత్తి ప్రాంతాల మీదుగా, కోణాలు కొలిచే అర టన్ను బరువున్న థియోడలైట్‌ను గుట్టల మీదికి మోయించుకుంటూ కొలుచుకుంటూ పోయారు. ఏళ్ల తరబడి నడిచి కొలిచిన ఆ నేలనే మనం యాభై నిమిషాల్లో దాటుతున్నాం. ఫోన్‌లో 455 అనే అంకె కనబడినప్పుడల్లా నాకు ఆ గొలుసు మోసినవాళ్లు గుర్తొస్తారు.

మరి యాప్‌లో 500 ఎందుకు దాటింది? మీ యాప్ తప్పు చూపలేదు. విమానం నిజంగానే అంత దూరం తిరిగింది. ఈ రూటులో ఒక విశేషం ఉంది. బెంగళూరు రన్‌వేలు రెండూ తూర్పు పడమరలుగా ఉంటాయి. హైదరాబాద్ రన్‌వేలు కూడా అంతే. మనం పోవాల్సింది మాత్రం ఉత్తరానికి. విమానం వీలైనంతవరకు గాలికి ఎదురుగా లేవాలి, ఎదురుగానే దిగాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది కాబట్టి పడమరకు లేస్తారు, పడమర ముఖంగా దిగుతారు. మార్గశిరం వచ్చేసరికి గాలి తూర్పు నుంచి ఉంటుంది, అప్పుడు అంతా తిరగబడుతుంది. ఎటు లేచినా ఉత్తరానికి తిరగాలి, హైదరాబాద్ దగ్గరికి వచ్చాక మళ్లీ పక్కకు తిరిగి రన్‌వేకు ఎదురుగా సర్దుకోవాలి. రెండు చివర్లా ఈ మలుపులున్నాయి. మధ్యలో కూడా విమానాలు తమ ఇష్టం వచ్చినట్టు పోవు, ముందే నిర్ణయించిన వాయు మార్గాల్లో ఒక గుర్తింపు బిందువు నుంచి ఇంకోదానికి పోతాయి. ఇవన్నీ కలిస్తే ముప్పై, నలభై కిలోమీటర్లు ఇట్టే పెరుగుతాయి. దిగే విమానాలు వరసలో ఎక్కువగా ఉంటే ఇంకొంత. చిన్న రూటులో ఈ అదనపు దూరం శాతంగా చూస్తే ఎక్కువ, ఢిల్లీ లాంటి దూరానికి అది లెక్కలోకి రాదు.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం ఇప్పుడు చెబుతాను. నేను ఉద్యోగంలో చేరినప్పుడు బెంగళూరు విమానాశ్రయం హెచ్ఏఎల్‌లో, అంటే హిందుస్తాన్ ఏరోనాటిక్స్ కంపెనీ దగ్గర ఉండేది, హైదరాబాద్‌ది బేగంపేటలో. 2008 మార్చి 23న శంషాబాద్ మొదలైంది, రెండు నెలలకు మే 24న దేవనహళ్లి మొదలైంది. ఆ రెండు నెలల్లో ఈ రూటు దూరం ఎంత మారిందో తెలుసా? హెచ్ఏఎల్ బెంగళూరుకు తూర్పు వైపు, బేగంపేట హైదరాబాద్ ఊరి నడుమ. వాటి మధ్య దూరం దాదాపు 505 కిలోమీటర్లు. దేవనహళ్లి బెంగళూరుకు ఉత్తరాన, శంషాబాద్ హైదరాబాద్‌కు దక్షిణాన. రెండు విమానాశ్రయాలూ ఒకదానివైపు ఒకటి జరిగాయి. గాలిలో యాభై కిలోమీటర్లు తగ్గిపోయింది. ఇప్పుడు రెండూ ఒకే 44వ నంబర్ జాతీయ రహదారి పక్కన ఉన్నాయి.

గాలిలో యాభై తగ్గితే ప్రయాణం త్వరగా అవ్వాలి కదా. కానీ ఇంటి నుంచి ఇంటికి చూస్తే పెరిగింది. అప్పట్లో మారతహళ్లి వాళ్లు ఆటోలో కాసేపట్లో హెచ్ఏఎల్ గేటు దగ్గర దిగేవాళ్లు. బేగంపేటలో బయటికొస్తే అమీర్‌పేట, కూకట్‌పల్లి మీదుగా మియాపూర్ దగ్గరే. ఇప్పుడు ఇటు నలభై, అటు నలభై కిలోమీటర్లు నేల మీద పోవాలి. నేను పాత విమానాశ్రయాలు బాగుండేవని అనడం లేదు. హెచ్ఏఎల్ రోజురోజుకీ పెరుగుతున్న రద్దీని తట్టుకోలేకపోయింది, ఆ రోజులు కళ్లారా చూశాను. చెప్పేదేమిటంటే, ఇంత దగ్గరి ఊళ్ల మధ్య విమానం ఎగిరే దూరాన్ని బట్టి మీ ప్రయాణ సమయం తేలదు. రెండు చివర్ల నేల మీద జరిగేదాన్ని బట్టే తేలుతుంది.

టికెట్ మీద ఉన్న గంటా పదిహేను, పైలట్ చెప్పిన యాభై, ఈ రెండూ కూడా నిజమే. వాళ్లు కొలిచేది వేర్వేరు. టికెట్ మీదిది బ్లాక్ టైమ్. అంటే బెంగళూరులో విమానం నిలబడిన చోటు నుంచి చక్రాలు కదిలిన క్షణం మొదలు, హైదరాబాద్‌లో నిలబడాల్సిన చోట ఆగే వరకు. పాత రోజుల్లో చక్రాలకు అడ్డంగా చెక్క దిమ్మెలు పెట్టేవారు, వాటిని బ్లాకులనేవారు, అవి తీసినప్పటి నుంచి మళ్లీ పెట్టేవరకు అన్నమాట. పైలట్ మైక్‌లో చెప్పేది నేల వదిలినప్పటి నుంచి నేల తాకేవరకు పట్టే సమయం మాత్రమే.

మధ్యలో ఏం జరుగుతుందో ఎ320 అనే జెట్ విమానంతో ఊహించుకోండి. ట్రాక్టర్ లాంటి బండి వెనక్కి నెట్టి ఇంజన్లు స్టార్ట్ చేయడానికి ఐదారు నిమిషాలు. దేవనహళ్లిలో నాలుగేసి వేల మీటర్ల రన్‌వేలు రెండున్నాయి, టెర్మినళ్లు రెండున్నాయి, మీ విమానం ఎక్కడ నిలబడింది, ఏ రన్‌వే ఇచ్చారు అన్నదాన్ని బట్టి పది నుంచి పదిహేను నిమిషాలు నేల మీద నడుస్తుంది. లేచాక పది వేల అడుగుల లోపు 250 నాట్ల వేగం దాటకూడదని నియమం. ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, కాబట్టి అది గంటకు దాదాపు 460 కిలోమీటర్లు. పైకి పోయేకొద్దీ వేగం పెరుగుతుంది. ముప్పై వేల అడుగుల పైకి చేరడానికి దాదాపు పద్దెనిమిది నిమిషాలు. అక్కడ గంటకు ఎనిమిది వందల చిల్లర వేగంతో నిలకడగా పోయేది ఎంతసేపనుకుంటున్నారు? పది, పన్నెండు నిమిషాలంతే. ఆ వెంటనే దిగడం మొదలవుతుంది. దిగడానికి మేం వాడే మోటు లెక్క ఒకటుంది: ఎత్తును వేల అడుగుల్లో తీసుకుని మూడుతో గుణిస్తే అన్ని నాటికల్ మైళ్ల ముందు నుంచి దిగడం మొదలుపెట్టాలి. ముప్పై వేల అడుగులైతే తొంభై నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 167 కిలోమీటర్లు. మొత్తం దారిలో మూడో వంతుకు పైగా దిగడానికే సరిపోతుంది. దిగాక గేటు దగ్గరికి చేరడానికి ఇంకో ఆరేడు నిమిషాలు.

అందుకే దూరం రెట్టింపైతే సమయం రెట్టింపు కాదు. బెంగళూరు నుంచి చెన్నైకి 268 కిలోమీటర్లు, టికెట్ మీద గంట. హైదరాబాద్‌కు 455, గంటా పావు. విశాఖకు 775, గంటా నలభై. ఢిల్లీకి 1,700, రెండు గంటల యాభై నిమిషాల ప్రాంతం. ఇన్నేళ్లూ నేను బంధువులకు చెప్పే సులువైన లెక్క ఇది: కిలోమీటర్లను 800తో భాగించి గంటలు చేయండి, దానికి నలభై నిమిషాలు కలపండి. హైదరాబాద్‌కు 34 నిమిషాలు ప్లస్ 40, మొత్తం గంటా 14. పైన చెప్పిన ఊళ్లన్నిటికీ వేసి చూడండి, దగ్గర దగ్గరగా సరిపోతుంది. ఆ నలభై నిమిషాలు దూరంతో సంబంధం లేని ఖర్చు, ఎంత దగ్గరి ఊరైనా కట్టాల్సిందే. ఫ్యాన్ రెక్కలున్న ఏటీఆర్ విమానమైతే ఈ లెక్క వర్తించదు. దాని వేగం గంటకు ఐదు వందల కిలోమీటర్ల ప్రాంతం. టికెట్ బుక్ చేసేటప్పుడు ఒకే రూటులో ఒక విమానం గంటా పావు, ఇంకోటి గంటన్నర చూపిస్తే ఆ రెండోది ఏటీఆర్ ఏమో చూడండి. అది కూడా భద్రమైన విమానమే, వేగం తక్కువంతే.

విమాన సంస్థలు టైమ్‌ను కావాలని ఎక్కువ చేసి చూపిస్తాయని కొందరు తిడుతుంటారు. నేను ఒప్పుకోను. టైమ్‌టేబుల్‌లో కొంత వెసులుబాటు పెట్టకపోతే, రోజుకు అదే విమానం ఐదారు ట్రిప్పులు తిరుగుతుంది కాబట్టి పొద్దున పది నిమిషాల ఆలస్యం రాత్రికి గంటన్నర అవుతుంది. విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ లెక్కల్లో షెడ్యూల్‌కు పదిహేను నిమిషాల లోపు అటూ ఇటూ అయితే సమయానికి నడిచినట్టే. ఇంకో మాట, ఈ బ్లాక్ టైమ్ మీకు హక్కుగా కూడా పనికొస్తుంది. డీజీసీఏ నిబంధన ప్రకారం రెండున్నర గంటల లోపు బ్లాక్ టైమ్ ఉన్న విమానం రెండు గంటలు లేదా అంతకు మించి ఆలస్యమయ్యేలా ఉంటే, టైముకు చెకిన్ చేసి ఎదురుచూస్తున్న ప్రయాణికులకు టిఫినో భోజనమో ఇవ్వాలి. మీ రూటు ఆ కోవలోకే వస్తుంది. అమ్మగారితో ఉన్నారు కాబట్టి మొహమాటపడకుండా అడగండి.

గాలి ప్రభావం గురించి కూడా అడిగారు. మీ రూటు దక్షిణం నుంచి ఉత్తరానికి, పైన వీచే గాలి ఎక్కువగా తూర్పు పడమరలుగా ఉంటుంది కాబట్టి పక్క నుంచి తగులుతుంది. అందుకే పోయేటప్పుడు, వచ్చేటప్పుడు సమయంలో పెద్ద తేడా కనబడదు. దుబాయ్ రూటు అలా కాదు. 2,700 కిలోమీటర్లు పడమరకు పోవాలి. ముఖ్యంగా చలికాలంలో ఎదురుగాలి వల్ల వెళ్లేటప్పుడు ఎక్కువసేపు పట్టి, తిరిగొచ్చేటప్పుడు అరగంట దాకా తగ్గుతుంది.

అన్నయ్య ప్రయాణం గురించి ఒక్క జాగ్రత్త. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బయల్దేరే తేదీకి మర్నాడు వస్తారని లెక్క వేసుకోకండి. చలికాలంలో అక్కడి గడియారం మనకంటే పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా అక్కడి నుంచి బెంగళూరుకు ఎక్కడా ఆగకుండా మొదటి విమానం నడిపింది. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో, పాపగారి తన్మయి సహా కాక్‌పిట్‌లో అందరూ మహిళలే, ఉత్తర ధ్రువం మీదుగా దాదాపు 14 వేల కిలోమీటర్లు, పదిహేడు గంటలు. జనవరి 9 రాత్రి బయల్దేరి 11 తెల్లవారుజామున ఇక్కడ దిగింది. ఎక్కడా ఆగకపోయినా క్యాలెండర్‌లో రెండు తేదీలు పోయాయి. మధ్యలో విమానం మారితే ఇంకా ఎక్కువ. ఆయన్ను పెళ్లికి రెండు రోజుల ముందే వచ్చేలా చూసుకోమనండి.

ఇక అసలు విషయం, మీ 7.05. అది సరిగ్గా 8.20కి ఆగిందనే అనుకుందాం. తలుపు తెరిచి, అమ్మగారు నెమ్మదిగా నడిచి, చెకిన్ చేసిన బ్యాగు బెల్ట్ మీద వచ్చి, బయటికి రావడానికి అరగంట. పెళ్లి బట్టలు, సారె సామాను ఉంటాయి కాబట్టి చేతి సంచితో సరిపెట్టుకోలేరు. 8.50కి క్యాబ్ ఎక్కితే ఔటర్ రింగ్ రోడ్ మీద గచ్చిబౌలి దాకా హాయిగా పోతారు, అక్కడి నుంచి మియాపూర్ దాకా ఆఫీసుల టైమ్. గంట, గంటా పావు వేసుకోండి. ఫంక్షన్ హాల్ దగ్గర దిగేసరికి పదీ ఐదు. అన్నీ కుదిరితే మీకు మిగిలేది ముప్పై ఏడు నిమిషాలు. అందులోనే పట్టుచీర కట్టుకోవాలి.

దీనికి మార్గశిరపు మంచు తోడవుతుంది. దేవనహళ్లి సముద్ర మట్టానికి మూడు వేల అడుగుల ఎత్తున, ఊరి బయట ఆరుబయట ఉంది. చలికాలంలో తెల్లవారుజామున నాలుగు, ఐదు నుంచి ఎనిమిది దాకా పొగమంచు కమ్మే రోజులుంటాయి. సరిగ్గా మీ విమానం లేవాల్సిన వేళ అది. తక్కువ చూపులోనూ దిగడానికి వీలైన పరికరాలు ఇప్పుడు ఉన్నాయి, మునుపటంత కష్టం లేదు. కానీ మంచులో విమానాల మధ్య ఎడం పెంచాల్సి వస్తుంది. ఇవతల ఒక్కో విమానం ఐదేసి నిమిషాలు ఆలస్యమైతే వరసలో ఇరవయ్యోది ఎప్పుడు లేస్తుందో చూసుకోండి.

ఒక డిసెంబర్ పొద్దున నేను డ్యూటీలో ఉండగా జరిగింది ఇప్పటికీ మర్చిపోలేదు. హైదరాబాద్ నుంచి వచ్చే విమానం మంచు వల్ల ఇక్కడ దిగలేక చెన్నైకి మళ్లింది. అలా మళ్లడం ప్రమాదం కాదు, ప్రతి ప్లాన్‌లో మేం రాసేదే. దారికి సరిపడా ఇంధనం, దానికి మీద కొంత, మళ్లాల్సి వస్తే పక్క విమానాశ్రయానికి పోయేంత, ఆపైన అరగంట గాలిలో తిరిగేంత, ఇదంతా నింపకుండా విమానం కదలదు. ఇంధనం లెక్క నిండుగా ఉంది కాబట్టే పైలట్ తొందరపడకుండా చెన్నై పోయాడు. కానీ ఆ విమానంలో ఒక పెళ్లికొడుకు అన్నావదినలు ఉన్నారు. మధ్యాహ్నానికి గానీ బెంగళూరు చేరలేదు. ఆమె కౌంటర్ దగ్గరికి వచ్చి ఎవరినీ ఏమీ అనలేదు, తలంబ్రాలు అయిపోయాయట అని మాత్రం అంది. మేం చేసిన లెక్కలో ఒక్క తప్పు లేదు. అయినా ఆ మాట నాలో అలాగే ఉండిపోయింది. అప్పటి నుంచి ఎవరు అడిగినా ముహూర్తానికి, పరీక్షకు, ఆపరేషన్‌కు అదే పొద్దున విమానం వద్దని చెబుతున్నాను.

ముందు రోజు మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య విమానం చూడండి. ఆ వేళకు మంచు ఉండదు, మారతహళ్లి నుంచి హెబ్బాళ మీదుగా రోడ్డు కూడా పొద్దునా సాయంత్రమూ ఉన్నంత రద్దీగా ఉండదు. విమానాశ్రయం దాకా దారికే గంటన్నర చేతిలో పెట్టుకుని బయల్దేరండి. లగేజీ ఇచ్చే కౌంటర్ మామూలుగా గంట ముందే మూసేస్తారు, గేటు ఇరవై ఐదు నిమిషాల ముందు. అమ్మగారి వేగాన్ని బట్టి రెండు గంటల ముందు అక్కడుంటే టెన్షన్ ఉండదు. మోకాళ్ల నొప్పులుంటే టికెట్ కొన్నప్పుడే వీల్‌చైర్ అడగండి. టెర్మినల్ ఒకటో రెండో టికెట్ మీద చూసి క్యాబ్ డ్రైవర్‌కు ముందే చెప్పండి. మొత్తం కలిపితే మీ ఇంటి గుమ్మం నుంచి మియాపూర్ దాకా ఆరు గంటలకు పైనే. అందులో గాలిలో ఉండేది యాభై నిమిషాలే.

రైలు, రోడ్డు కూడా పోల్చి చూడమన్నారు. యశ్వంతపుర నుంచి కాచిగూడకు వందే భారత్ దాదాపు ఎనిమిదిన్నర గంటలు తీసుకుంటుంది, 610 కిలోమీటర్ల దారి. మంచుకు, రన్‌వేకు సంబంధం లేదు, ఊరి మధ్యలో దించుతుంది. సామాను ఎక్కువగా ఉంటే నేను దానికే ఓటేస్తాను. కారులో అయితే బాగేపల్లి, పెనుకొండ, అనంతపురం, గుత్తి, కర్నూలు మీదుగా 570 కిలోమీటర్ల చిల్లర, భోజనానికి ఆగితే పది గంటలు. పెద్దవాళ్లతో రాత్రి డ్రైవింగ్ మాత్రం వద్దు.

కానీ అమ్మగారు విమానం ఎక్కాలని మీకు కోరిక ఉన్నట్టు మీ ప్రశ్నలోనే తెలుస్తోంది. అయితే ఎక్కించండి. లేచిన అరగంట తర్వాత దిగడం మొదలవుతుంది, చెవులు ఎక్కువగా దిబ్బడేసేది అప్పుడే. ఆమె కొంగున రెండు చాక్లెట్లో, కాసిన్ని సోంపు గింజలో ఉంచండి, నములుతూ గుటకలు వేస్తుంటే సర్దుకుంటుంది. కిటికీ సీటు ఇవ్వండి, రెక్క మీద పడే పది నుంచి ఇరవై వరసలు వదిలేసి ముందుదో, బాగా వెనకదో తీసుకోండి. చక్రాలు నేల వదిలినప్పుడు గడియారం చూసుకోండి. పద్దెనిమిది, ఇరవై నిమిషాలకు ఆమెను కిందికి చూడమనండి. ఆ రోజు దారి కాస్త అటు జరిగితే ఊరు అవతలి కిటికీల వైపు పడొచ్చు, కాబట్టి మీరు రెండో పక్క సీటు దొరికితే తీసుకోండి. ఆకాశం తేటగా ఉంటే పెన్నా నది ఇసుక తెల్లటి పట్టీలా కనబడుతుంది. దాని ఒడ్డునే తాడిపత్రి.